కాలి మీద మానని సిర పుండు: త్వరగా మానాలంటే ఏం చేయాలి

ఇస్త్రీ బండి నడిపే ఒక పెద్దాయన మా డ్రెస్సింగ్ గదికి వచ్చినప్పుడు, కాలికి చుట్టిన పాత పంచె ముక్క తీయకముందే వాసనను బట్టి నాకు సగం అర్థమైంది. ఎడమ కాలు, చీలమండకి లోపలి పక్క, అరచేతిలో సగం ఉంది పుండు. చుట్టూ చర్మం నల్లబడి అట్టలా గట్టిగా ఉంది. రసి కారి కారి మడమ దాకా తెల్లగా నానిపోయింది. రెండేళ్లుగా ఇదే పరిస్థితి అట. కాఫీ పొడి అద్దారు, పసుపు పెట్టారు, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబులు ఆరేడు రాశారు, యాంటీబయాటిక్స్ ఎన్ని కోర్సులు మింగారో ఆయనకే గుర్తులేదు. "నాకు షుగర్ కూడా లేదు సిస్టర్, మరి ఎందుకు మానట్లేదు?" అని అడిగారు.

ఆ రెండేళ్లలో పుండు మీద వేయనిది లేదు. కాలికి మాత్రం ఒక్కసారి కూడా సరైన ఒత్తిడి కట్టు పడలేదు. ఈ జాతి పుండు మానాలంటే దాని మీద ఏం రాశామన్నది చిన్న విషయం. కాలిలోకి దిగిన రక్తం తిరిగి పైకి వెళ్తోందా లేదా అన్నదే పెద్ద విషయం. ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క మాట పట్టుకునే రాస్తున్నాను.

కాలిలో ఏం జరుగుతోంది

"నరాలు ఉబ్బాయి" అంటాం కానీ అవి నరాలు కావు, సిరలు. చెడు రక్తాన్ని గుండెకి తిరిగి మోసుకెళ్లే గొట్టాలు. కాలి సిరల్లో అక్కడక్కడా చిన్న కవాటాలుంటాయి, రక్తం పైకి మాత్రమే వెళ్లేలా, కిందికి జారకుండా ఆపే తలుపుల్లాంటివి. మనం నడుస్తున్నప్పుడు పిక్క కండరం బిగుసుకుని సిరల్ని పిండుతుంది, రక్తం పైకి ఎగదోసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కాలిలో, కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలో 80, 90 దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే 30 లోపుకి పడిపోతుంది. కవాటాలు పాడైన కాలిలో ఎంత నడిచినా అది తగినంత దిగదు. పగలంతా, ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి అలాగే ఉంటే నీరు, రక్తకణాలు చర్మంలోకి ఊరతాయి. ముందు సాయంత్రం పూట వాపు, తర్వాత దురద, ఆ తర్వాత గోధుమ రంగు మచ్చలు. చర్మం గట్టిపడి, చివరికి దోమ కుట్టి గోకినా, సైకిల్ పెడల్ తగిలినా పుండు పడుతుంది.

అందుకే రోజంతా నిలబడి చేసే పనుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇస్త్రీ, క్షౌరం, హోటల్ వంట, ట్రాఫిక్ డ్యూటీ, సెక్యూరిటీ గార్డు ఉద్యోగం, కూరగాయల అమ్మకం. కాన్పులు ఎక్కువైన ఆడవాళ్లకి, బరువు బాగా పెరిగినవాళ్లకి, ఎప్పుడో కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్లకి కూడా వస్తుంది.

మొదటి పని: అది సిర పుండేనా అని తేల్చుకోండి

సిర పుండు పిక్కకి కింద, చీలమండకి పైన, ఎక్కువగా లోపలి పక్క వస్తుంది. లోతు తక్కువ, అంచులు వంకరటింకరగా ఉంటాయి, రసి బాగా కారుతుంది. కాలు పైకి పెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది.

అరికాలిలో, వేళ్ల మధ్య, నొప్పి తెలియకుండా పడిన పుండు అయితే షుగర్ వల్ల కావచ్చు, కుష్ఠు వల్ల కావచ్చు. వేళ్ల కొసల్లో, గుంట తవ్వినట్టు లోతుగా ఉండి, రాత్రి పడుకుంటే నొప్పి పెరిగి, కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే హాయిగా అనిపిస్తే ధమని (గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టం) పూడుకుపోయి ఉండొచ్చు. అది సిర పుండుకి పూర్తిగా ఎదురు జబ్బు, వైద్యం కూడా ఎదురే. కోస్తాలో కాలు వాస్తే చాలు బోదకాలు అనేస్తారు, అదీ వేరు. పిల్లలకి, కుర్రవాళ్లకి ఇలాంటి పుండు పడితే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్ష చేయించాలి, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకి.

రెండో పని: కట్టు కట్టే ముందు ధమని పరీక్ష

ఈ మెట్టు మాత్రం దాటేయకండి. రక్తం కాలిలోకి సరిగా దిగని మనిషికి బిగుతుగా కట్టు కడితే కాలే పోవచ్చు.

పరీక్ష తేలికే. చేతికి, చీలమండకి బీపీ పట్టీ కట్టి, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్ను లాంటి డాప్లర్‌తో రెండు చోట్లా పై బీపీ చూస్తారు. చీలమండ దగ్గర వచ్చిన అంకెని చేతి అంకెతో భాగిస్తారు. దీన్ని ఏబీపీఐ అంటారు. 0.8 నుంచి 1.3 మధ్య వస్తే గట్టి కట్టు కట్టొచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే వాస్కులర్ (రక్తనాళాల) డాక్టర్ చెప్పినంత మేరకే, తక్కువ ఒత్తిడితో. 0.5 కంటే తక్కువ అయితే కట్టు మాటే వద్దు, వెంటనే రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్లాలి. 1.3 దాటినా సంబరపడకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి ధమని గోడలు గట్టిపడి అంకె పెద్దదిగా చూపిస్తుంది, వాళ్లకి వేరే పరీక్షలు కావాలి. నడిస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటి గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ని అడగకుండా కట్టు మొదలుపెట్టకూడదు.

అదే రోజు సిరలకి డాప్లర్ స్కాన్ కూడా రాయించుకోండి. ఏ సిరలో కవాటం పాడైందో అందులో తెలుస్తుంది. దాని అవసరం ముందుకు వెళ్లాక చెబుతాను.

మూడో పని: కడగడం, డ్రెస్సింగ్

శుభ్రమైన గోరువెచ్చని నీళ్లు చాలు. తాగడానికి పనికొచ్చే నీళ్లయితే అలాగే వాడొచ్చు, అనుమానముంటే కాచి చల్లార్చండి. బకెట్‌లో కొత్త పాలిథిన్ కవరు పరిచి, అందులో నీళ్లు పోసి కాలు ముంచి, మోకాలి దాకా మెల్లగా కడగండి. పుండు ఒక్కటే కాదు, కాలంతా. ఆ ఎండిన పొట్టు, పాత పసుపు, పాత ఆయింట్‌మెంట్ నాని ఊడి రావాలి. పెద్దాయన కాలు మొదటిసారి కడిగినప్పుడు మూడుసార్లు నీళ్లు మార్చాను. మూడోసారికి గానీ అసలు పుండు అంచు ఎక్కడుందో కనపడలేదు.

స్పిరిట్, డెట్టాల్, నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న లేత కండని కూడా అవి చంపేస్తాయి. కాఫీ పొడి, పసుపు, బూడిద, ఆకు పసర్లు వద్దు. పసుపు మంచిదే కదా అంటారు చాలామంది. వంటింటి పసుపు శుభ్రం చేసిన మందు కాదు. పుండులో ముద్దకట్టి రసిని లోపలే ఆపేస్తుంది, దాన్ని తీసేటప్పుడు చర్మం ఊడి వస్తుంది. సోఫ్రామైసిన్, నియోమైసిన్ లాంటి ట్యూబుల వల్ల ఈ కాళ్లకి ఎలర్జీ తరచుగా వస్తుంది. పుండు చుట్టూ ఎర్రగా, దురదగా, నీటిపొక్కులు వచ్చాయంటే సగం సార్లు దోషం ట్యూబుదే అని నా అనుభవం.

ఇంకో భయం తీర్చాలి. పుండు మీద పసుపుపచ్చని పొర కనబడగానే చీము అనుకుంటారు. చాలాసార్లు అది చచ్చిన కండ, ఎండిన రసి. యాంటీబయాటిక్ కావాల్సింది ఎప్పుడంటే: ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, కాలు వేడెక్కినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, జ్వరం వచ్చినా, పుండు నాలుగు రోజుల్లో గబగబా పెద్దదైనా. ఇవేవీ లేకుండా మాత్రలు మింగితే పుండు మానదు, క్రిములు మొండికేస్తాయి. ఆకుపచ్చ రసి, ఘాటు వాసన ఉంటే డాక్టర్‌కి చూపించండి, దానికి అయోడిన్ లేదా వెండి కలిసిన డ్రెస్సింగ్ కొన్నాళ్లు పెడతారు.

కడిగాక పుండు చుట్టూ ఉన్న చర్మాన్ని అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు. ఎండిన చర్మానికి వాజెలిన్ గానీ, వాసన కలపని కొబ్బరినూనె గానీ రాయండి. రసికి నానే అంచుల మీద జింక్ ఆక్సైడ్ క్రీము పూయండి. పుండు మీద అంటుకోని డ్రెస్సింగ్ ఒకటి, రసిని పీల్చే ప్యాడ్ ఒకటి వేస్తే చాలు. ఖరీదైన డ్రెస్సింగ్‌లు ఎన్నో ఉన్నాయి. కట్టు సరిగా ఉన్నప్పుడు కింద ఏ రకం వేసినా మానే వేగంలో పెద్ద తేడా ఉన్నట్టు గట్టి రుజువు లేదు. డబ్బులు తక్కువగా ఉంటే డ్రెస్సింగ్‌లో తగ్గించుకోండి, కట్టులో తగ్గించకండి. ఎండిన గాజుగుడ్డ నేరుగా పుండు మీద పెట్టి, మర్నాడు పీకడం మాత్రం మానండి. నిన్న పుట్టిన చర్మం దాంతోపాటే వచ్చేస్తుంది.

నాలుగో పని, అన్నిటికంటే పెద్ద పని: ఒత్తిడి కట్టు

చీలమండ దగ్గర బీపీ కొలిచే లెక్కలో సుమారు 40 ఒత్తిడి ఉండాలి, మోకాలి వైపు పోతున్నకొద్దీ తగ్గాలి. దీనికి ఎక్కువగా వాడేది నాలుగు పొరల కట్టు. మొదట మెత్తటి దూది పొర (పిండికట్టు కింద వేసే సాఫ్ట్ రోల్ లాంటిది), దానిపై క్రేప్, దానిపై సాగే బ్యాండేజ్, అన్నిటికీ పైన తనకు తానే అతుక్కునే బ్యాండేజ్. రెండు పొరల కట్లు, వెల్‌క్రో పట్టీలు, జింక్ పేస్ట్ పట్టించిన "ఉన్నా బూట్" అనే కట్టు కూడా ఉన్నాయి. రసి ఎక్కువ లేకపోతే 40 ఒత్తిడినిచ్చే రెండు పొరల మేజోళ్లు కూడా నాలుగు పొరల కట్టుకి దీటుగా పనిచేశాయని బ్రిటన్‌లో చేసిన పెద్ద అధ్యయనం 2014లో తేల్చింది. మేజోళ్లయితే మనిషి స్వయంగా వేసుకోగలడు, అదొక పెద్ద సుఖం.

నాలుగు పొరల కట్టు తర్ఫీదు పొందిన చేత్తోనే కట్టించుకోవాలి. కానీ ఎలా ఉండాలో మీకు తెలిస్తే తప్పు జరిగినప్పుడు పట్టుకోగలరు.

పొద్దున్నే, వాపు దిగిన వేళ కట్టించుకోండి. సాయంత్రమైతే ముందు అరగంట కాలు ఎత్తుకుని పడుకోండి. మెట్టెలు, పట్టీలు తీసేయాలి. కట్టు వేశాక వేళ్లు కొంచెం ఉబ్బినా మెట్టె కోసుకుపోతుంది. పాదం ఎల్ ఆకారంలో, వేళ్లు ముక్కు వైపు చూసేలా ఉండాలి. పాదం వాల్చి కడితే నడిచేటప్పుడు చీలమండ మడతలో కట్టు కోస్తుంది.

కట్టు వేళ్ల మొదట్లో మొదలవ్వాలి. మడమ పూర్తిగా కప్పాలి. ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సగం పడాలి. మోకాలికి రెండు వేళ్ల కింద ఆగాలి. లాగే బలం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. చీలమండ సన్నం, పిక్క లావు కాబట్టి ఒకే బలంతో లాగినా కింద ఒత్తిడి ఎక్కువగా, పైన తక్కువగా దానంతటదే పడుతుంది. చీలమండ చుట్టుకొలత 18 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న బక్క కాళ్లకి దూది పొర ఇంకాస్త ఎక్కువ వేయాలి, లేకపోతే ఎముక మీద చర్మం ఒరుసుకుంటుంది. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే ఎముక మీద కూడా దూది మందంగా ఉండాలి.

పనికి కొత్తలో నేనొక తప్పు చేశాను. ఒక అమ్మకి పాదం వదిలేసి చీలమండ నుంచి కట్టు మొదలుపెట్టాను, చెప్పులు వేసుకోవడానికి వీలుగా ఉంటుందని. మర్నాడు ఆమె పాదం బూరెలా ఉబ్బి వచ్చింది. పైన నొక్కితే నీరు కిందికే కదా పోయేది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు కట్టిందే కదమ్మా, తీయకూడదేమో అని ఉంచేశాను" అంది. ఆ రోజు నుంచి పాదం వదిలిన కట్టు ఎవరు కట్టినా విప్పించి మళ్లీ కడుతున్నాను. ప్రతి మనిషికీ ఇంకో మాట చెప్పి పంపుతున్నాను: వేళ్లు నీలంగా గానీ తెల్లగా గానీ మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఆగకుండా పెరిగినా, అర్ధరాత్రయినా సరే కట్టు విప్పేయండి. విప్పినందుకు ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

మామూలు క్రేప్ బ్యాండేజ్ ఒక్కటే చుట్టుకుంటే కొన్ని గంటల్లో వదులైపోతుంది. అది లేనిదానికంటే కొంచెం మేలు, అంతే. సరైన కట్టు వారం రోజులు ఉంచొచ్చు. రసి పైకి తడిగా కనిపిస్తే వారానికి రెండుసార్లు మార్చాలి. మొదటి రెండు వారాలు నొప్పిగా, బరువుగా ఉంటుంది. అక్కడే చాలామంది కట్టు మానేస్తారు. మానేయొద్దని బతిమాలి చెబుతున్నాను. డాక్టర్‌ని అడిగి పారాసెటమాల్ వేసుకోండి. వాపు దిగేకొద్దీ నొప్పి కూడా దిగుతుంది.

స్నానానికి మోకాలి దాకా పెద్ద పాలిథిన్ కవరు తొడిగి, పైన టేపు వేసి, కాలు బయటికి పెట్టుకుని పోసుకోండి.

కాలు ఎత్తడం, పిక్కని పనిచేయించడం

కుర్చీలో కూర్చుని స్టూలు మీద కాలు పెట్టడం సరిపోదు. పడుకుని, మడమ గుండె కంటే ఎత్తులో ఉండాలి. పరుపు కింద కాళ్ల వైపు రెండు ఇటుకలు పెట్టండి, లేదా రెండు దిండ్లు వేయండి. అరగంట చొప్పున రోజుకి మూడు, నాలుగుసార్లు. ధమని జబ్బు ఉన్నవాళ్లు ఇది చేయకూడదు.

మడమలు ఎత్తి మునివేళ్ల మీద లేవడం, దించడం. గోడ పట్టుకుని 10 సార్లు, కాసేపు ఆగి మళ్లీ 10, మళ్లీ 10. కట్టు మీద ఇది చేస్తే పిక్క గట్టి గోడకేసి నొక్కినట్టు సిరల్ని పిండుతుంది. ఇస్త్రీ పెద్దాయన పని మానేసే స్థితిలో లేరు. చొక్కా ఒకటి అయ్యేసరికి అయిదుసార్లు మడమలు ఎత్తమన్నాను. బట్టల లెక్కలోనే వ్యాయామం లెక్క కూడా కలిసిపోయింది ఆయనకి. బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం, బస్సులో కాళ్లు వేలాడేసి రాత్రంతా ప్రయాణం తగ్గించుకోండి.

తిండి

"పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద" అని పెద్దవాళ్లు పెట్టే పత్యం వల్ల మానాల్సిన పుండ్లు మానకుండా పోవడం చూస్తున్నాను. చర్మం పుట్టేది మాంసకృత్తుల నుంచే. రసి రూపంలో రోజూ అవి బయటికి పోతున్నాయి కూడా. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, పల్లీలు తినండి. జామ, ఉసిరి, నిమ్మ తినండి. రక్తం తక్కువగా ఉందేమో పరీక్ష చేయించండి. షుగర్ ఉంటే అదుపులో పెట్టండి. చుట్ట, బీడీ మానేయండి.

వారం వారం కొలవండి

"తగ్గినట్టే ఉంది" అన్న మాట మీద నాకు నమ్మకం లేదు. పారదర్శకంగా ఉండే శుభ్రమైన పాలిథిన్ షీటు పుండు మీద ఆనీ ఆనకుండా పెట్టి స్కెచ్ పెన్నుతో గీత గీయండి, తేదీ వేయండి. లేదా పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీయండి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి. పొడవుని వెడల్పుతో గుణించి రాసుకోండి. 6 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు ఉన్నది 24. నాలుగు వారాలకి 4.5, 3 అయితే 13.5. అంటే 44 శాతం తగ్గింది, దారిలో ఉన్నట్టే. నాలుగు వారాల్లో 30, 40 శాతం కూడా తగ్గలేదంటే ఏదో తేడా ఉంది. కట్టు వదులా, ధమని జబ్బు ఉందా, ఎలర్జీయా అని మళ్లీ మొదటి నుంచి చూడాలి. మూడు నెలలు సరైన కట్టు కట్టినా కదలని పుండు నుంచి, అంచులు దొర్లినట్టు పైకి లేచిన పుండు నుంచి ముక్క తీసి పరీక్షకి పంపాలి. పాత పుండులో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది.

పెంటాక్సిఫిలిన్ అనే మాత్ర, 400 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, కట్టుకి తోడుగా వేస్తే మానడం పెరుగుతుందని రుజువుంది. కడుపులో వికారం, రక్తస్రావం ముప్పు ఉంటాయి కాబట్టి డాక్టర్ రాస్తేనే వాడాలి.

పాడైన సిరని మూయించడం

"ముందు పుండు మానాలి, తర్వాతే ఆపరేషన్" అని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. 2018లో వచ్చిన ఎవ్రా అనే అధ్యయనంలో బ్రిటన్‌లో 450 మంది మీద చూశారు. సగం మందికి కట్టుతో పాటు రెండు వారాల్లోపే పాడైన పైసిరని (చర్మం కిందే ఉండే సిరని) లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ, ఫోమ్ ఇంజెక్షన్ లాంటి పద్ధతుల్లో మూసేశారు. మిగతా సగానికి కట్టు కట్టి, సిర పని తర్వాతకి వాయిదా వేశారు. మొదటి గుంపులో సగం మందికి 56 రోజుల్లో మానింది, రెండో గుంపులో అదే మాటకి 82 రోజులు పట్టింది. అంతకు ముందు 2004లో వచ్చిన ఎష్చార్ అధ్యయనంలో, కట్టుకి తోడు సిర ఆపరేషన్ చేసినవాళ్లలో ఏడాదిలోపు పుండు మళ్లీ వచ్చింది 12 శాతం మందికి, కట్టు మాత్రమే కట్టినవాళ్లలో 28 శాతం మందికి.

కాబట్టి మొదట్లోనే స్కాన్ తీయించుకుని వాస్కులర్ సర్జన్‌ని కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రికి వెళితే, మీ కేసుకి పథకం వర్తిస్తుందో లేదో ముందే ఆరోగ్యమిత్రని అడగండి. లోతు సిర పూడుకుపోయినవాళ్లకి పైసిర మూయడం కుదరకపోవచ్చు, అది స్కాన్ చూసి డాక్టర్ చెప్పాలి.

పరుగెత్తాల్సిన సందర్భాలు

ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే నిలబడొద్దు, కూర్చోవద్దు. వెంటనే పడుకోబెట్టి, కాలు గోడకి ఎత్తి పెట్టి, శుభ్రమైన గుడ్డతో సరిగ్గా ఆ చోటే గట్టిగా నొక్కి పట్టండి, పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా. 108కి ఫోన్ చేయండి. కాలు దించి కూర్చోబెట్టి తాడు బిగించడం వల్ల రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పుట్టినా, దానికి తోడు ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మానిన తర్వాత

పెద్దాయనకి పదకొండో వారంలో చర్మం మూసుకుంది. కాగితం లాంటి పలచని గులాబీ చర్మం. ఆయన ఆనందంగా "ఇక సెలవా సిస్టర్?" అన్నారు. నేను మేజోళ్ల కొలత తీసుకున్నాను. కవాటాలు తిరిగి రావు కాబట్టి ఒత్తిడి మేజోళ్లు ఇక రోజూ వేసుకోవాల్సినవే, మోకాలి దాకా ఉండేవి చాలు, ఎంత ఒత్తిడినిచ్చే రకం (క్లాసు) అన్నది డాక్టర్ చెబుతారు. పక్క మీంచి దిగకముందే తొడగాలి, రాత్రి తీసి కాళ్లకి నూనె రాసుకోవాలి. పొద్దున నూనె రాసి తొడిగితే ఎక్కవు, రబ్బరు కూడా పాడవుతుంది. తొడగడం కష్టంగా ఉంటే మేజోడుని మడమ దాకా తిరగేసి, చేతులకి గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుని పైకి జరపండి. రెండు జతలు కొనుక్కుని ఒకటి ఉతికితే ఒకటి వేసుకోండి. ఎండలో ఆరేయకండి, పిండొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. ఆరు నెలలకోసారి కొత్తవి కొనాలి, అప్పటికి పట్టు సడలిపోతుంది.

మే నెలలో చాలామంది ఉక్కకి తట్టుకోలేక తీసేస్తారు. జూన్, జూలైకల్లా వాళ్లే మళ్లీ మా గది ముందు కూర్చుంటారు. మరీ భరించలేని మధ్యాహ్నాల్లో మేజోడు మీదే నీళ్లు చల్లుకుని ఫ్యాను కింద కాలు ఎత్తి పడుకోండి, తీయకండి. పెద్దాయన బండి కింద ఒక మగ్గుతో నీళ్లు పెట్టుకున్నారు. బట్టల మీద చల్లే చేత్తోనే గంటకోసారి కాళ్ల మీద కూడా చల్లుకుంటున్నారు.